లూయీ పాశ్చరు మహాశయుడు — శునకపోషకులకు ఆయన మిగిల్చిన పని

మానవునితో సహవాసము చేయు జంతువులలో శునకమువలె విశ్వాసముగలది మఱియొకటి లేదని పెద్దలు చెప్పుదురు. మన నారాయణఖేడు ప్రాంతమున నాలుగు దిక్కులు చూచినవారికి ఈ మాట సత్యమని తోచకపోదు. గొల్లలును కురుమలును మందలను తోలుకొనిపోవునపుడు వారి వెంట కుక్క నడచుచుండును. జొన్నచేలలో మంచె క్రింద కుక్క కావలి యుండును. తండాలలో ఇంటింటి వాకిటను ఒక కుక్క పండుకొని యుండును. పట్టెడు సంకటికి ఇంతటి కొలువు చేయు సేవకుడు వేఱొకడు దొరకడు.

అట్టి జంతువు నోటనే ఒక ఘోరమృత్యువు దాగియుండుట విచారకరము. దానినే జలభయరోగమనియు రేబీసు అనియు వైద్యులు చెప్పుదురు; పిచ్చికుక్క కాటని జనులు చెప్పుకొందురు. రోగలక్షణములు ఒకసారి పైకి వచ్చినచో, ఆ మనుష్యుడు బ్రదుకుట దాదాపు అసంభవము. ఈ మృత్యువునకు మొట్టమొదట అడ్డుకట్ట వేసిన మహనీయుడు ఫ్రాన్సుదేశస్థుడగు లూయీ పాశ్చరు. ఆయన జీవితమును చదువునపుడు ఆయన సాధించిన కార్యమొకటియు, సాధింపనేరక కుక్కలను పెంచువారి చేతులలో విడిచిపోయిన కార్యము మఱియొకటియు మనకు గోచరించును. విద్యార్థులు ఈ రెండింటిని తెలిసికొనుట మిక్కిలి అవసరము.

పాశ్చరు 1822 వ సంవత్సరము డిసెంబరు 27 వ తేదీన ఫ్రాన్సుదేశపు తూర్పుభాగమందలి డోలు అను పట్టణమున జన్మించెను. తండ్రి తోళ్లు పదునుచేయు వృత్తివాడు. అంతకుముందు నెపోలియను చక్రవర్తి సేనలో సైనికుడుగా నుండి గౌరవ పతకమును పొందినవాడు. ధనము లేకున్నను కుమారునకు విద్య చెప్పింపవలెనని ఆ తండ్రికి గొప్ప పట్టుదల యుండెను. లూయీ బాల్యము ఆర్బువా అను చిన్న పట్టణమున గడచెను. బడిలో అతడు తెలివిగలవాడని పేరొందలేదు. కాని చిత్రములు వ్రాయుటయందు నేర్పరియై, తలిదండ్రుల రూపములను ఇరుగుపొరుగువారి రూపములను చక్కగా చిత్రించుచుండెను. కనబడిన వస్తువును ఓపికతో నిదానించి చూచు గుణము అతనికి అప్పుడే అలవడెను.

అతనికి తొమ్మిదవయేట, అనగా 1831 లో, ఆ ప్రాంతమున ఒక వెఱ్ఱితోడేలు తిరిగి పెక్కుమందిని కఱచెను. ఆ కాలమున దానికి తెలిసిన చికిత్స యొక్కటే. కాటుపడినవానిని కమ్మరి కొలిమికడకు కొనిపోయి, ఎఱ్ఱగా కాల్చిన యినుముతో గాయమును కాల్చుచుండిరి. పాశ్చరు ఇంటికి చేరువనున్న కొలిమివద్ద అట్టి బాధితుని ఆర్తనాదమును ఆ బాలుడు విని వణకెను. కాల్చినను కొందఱు కొలది వారములలోనే మరణించిరి. ఆ భయము ఆ ప్రాంతమును చిరకాలము వదలలేదు. ఏబదియేండ్ల తరువాత పాశ్చరు ఈ రోగమునే పరిశోధనకు చేపట్టుటకు ఆ బాల్యస్మృతి కొంత కారణమని ఆయన చరిత్రకారులు భావించిరి.

1843 లో పాశ్చరు పారిసునగరమందలి ప్రసిద్ధమగు ఉపాధ్యాయ కళాశాలలో ప్రవేశించి రసాయనశాస్త్రము నభ్యసించెను. 1848 లో ద్రాక్షరసమునుండి పుట్టు ఒక ఆమ్లలవణపు స్ఫటికములను పరీక్షించి, చూచుటకు ఒక్కటే విధముగానున్న ఆ స్ఫటికములలో కుడియెడమ చేతులవలె రెండు జాతులు గలవని కనుగొని పండితులను ఆశ్చర్యపఱచెను. 1849 లో మేరీ లారెంటు అను సుగుణవతిని వివాహమాడెను. ఆమె భర్త పనిలో లేఖకురాలై, సలహాదారై, జీవితాంతము తోడు నిలిచెను. 1854 లో లిల్లు పట్టణమున ఆచార్యుడై, సారాయి బట్టీలవారి కోరికపై పులియు ద్రవములను పరిశీలించి, పులియుటకు కంటికి కనబడని సూక్ష్మజీవులే కారణమని నిరూపించెను. ద్రవమును తగినంత వేడిచేసి ఆ జీవులను చంపు పద్ధతిని ఆయనయే కనిపెట్టెను. నేడు పాలడెయిరీలలో పాలను వేడిచేసి చల్లార్చు విధానమునకు ఆయన పేరే నిలిచియున్నది.

ఆయన సంసారజీవితమున దుఃఖములు తక్కువ గావు. ముగ్గురు కుమార్తెలు చిన్నతనముననే గతించిరి. వారిలో ఇరువురిని బలిగొన్నది సన్నిపాతజ్వరము. 1868 లో, తన 46 వ యేట, ఆయనకు పక్షవాతము వచ్చి ఎడమభాగము పూర్తిగా స్వాధీనము కాకుండెను. అప్పటికి పట్టుపురుగుల రోగమును గుఱించిన పరిశోధన సగములో నుండెను. మంచమునుండియే ఆయన దానిని సాగించి ముగించెను. ఆ మీద కోళ్ల కలరాకును, గొఱ్ఱెలను చంపు దొమ్మరోగమునకును టీకాలను సిద్ధపఱచెను. 1881 వ సంవత్సరమున పూయీ-ల-ఫోరు అను గ్రామమున ప్రజలందఱి యెదుట 25 గొఱ్ఱెలకు టీకా వేసి, మఱి 25 గొఱ్ఱెలకు వేయక, అన్నిటికిని రోగమును ఎక్కించెను. టీకా పొందిన గొఱ్ఱెలు నిలిచెను; పొందనివి చచ్చెను. మందల కాపరులు ఆనాడు ఆయనను ఆదరించినట్లు పండితులు కూడ ఆదరించి యుండరు.

1880 ప్రాంతమున పాశ్చరు జలభయరోగపు పరిశోధనకు దిగెను. ఇది మిక్కిలి ప్రమాదమైన పని. పిచ్చికుక్కను సహాయకులు త్రాళ్లతో అదిమిపట్టగా, పాశ్చరు తన నోట ఒక గాజుగొట్టమును పెట్టుకొని దాని లాలాజలమును పీల్చి తీసెనని చెప్పుదురు. ఆ రోగకారణము ఆనాటి సూక్ష్మదర్శినికి కనబడలేదు. అది వైరస్సు అను అతిసూక్ష్మ పదార్థమనియు, కాటువేసినచోటినుండి నరముల వెంట మెల్లగా ప్రాకి మెదడును చేరుననియు నేడు మన మెఱుగుదుము. కంటికి కనబడని ఆ శత్రువును పాశ్చరు కుందేళ్ల మెదడులోను వెన్నుత్రాడులోను పెంచెను. అట్టి వెన్నుత్రాళ్లను శుభ్రమగు సీసాలలో వ్రేలాడగట్టి పొడిగాలిలో ఆరవేసినచో, దినదినమునకు విషము తగ్గి, రెండు వారములకు దాదాపు నిర్వీర్యమగునని ఆయన కనుగొనెను. ముందు బలహీనమైనదానిని, పిమ్మట క్రమముగా బలమైనదానిని ఎక్కించుటచే కుక్కలకు ఈ రోగము రాకుండ చేయగలిగెను. ఈ కార్యమున ఎమిలు రూ అను యువవైద్యుడు ఆయనకు కుడిభుజమై నిలిచెను.

ఈ పనియందు పాశ్చరు హృదయము కఠినము కాలేదు. పరిశోధనకొఱకు కుక్కను బాధించుటకు ఆయన మిక్కిలి జంకుచుండెడివాడు. కుక్క కపాలమునకు చిన్న రంధ్రము చేయవలసి వచ్చినపుడు ఆయన ఒప్పుకొనకుండగా, రూ వైద్యుడు ఆయన లేని సమయమున మత్తుమందిచ్చి ఆ పని చేసెను. మఱునాడు ఆ కుక్క ఉత్సాహముగా తిరుగుచుండుట చూచిన తరువాతగాని ఆయన మనస్సు కుదుటపడలేదు.

1885 వ సంవత్సరము జూలై 4 వ తేదీన ఆల్సేసు ప్రాంతమున జోసెఫు మైస్టరు అను తొమ్మిదేండ్ల బాలుడు బడికి పోవుచుండగా ఒక కుక్క మీదపడి చేతులను కాళ్లను పెక్కుచోట్ల కఱచెను. ఇచ్చట గమనింపదగిన విషయము ఒకటి కలదు. ఆ కుక్క దిక్కులేనిది కాదు. ఒక కిరాణా వర్తకుని పెంపుడుకుక్క. అది తన యజమానినే కఱవబోయెను. వాని చొక్కాయి అడ్డుపడుటచే పన్ను చర్మమున దిగలేదు. పిల్లవానిని, తల్లిని, కుక్క యజమానిని ముగ్గురిని జూలై 6 వ తేదీన పారిసునకు తీసికొనివచ్చిరి. గాయము లేనందున యజమానిని పాశ్చరు ఇంటికి పంపివేసెను. కాని ఆ బాలుని విషయమున ఆయనకు గొప్ప సంకటము కలిగెను. కుక్కలయందు ఫలించిన టీకా మనుష్యునియందు ఫలించునో లేదో తెలియదు. వేయకున్నచో బాలుని ప్రాణమునకు ఆశ లేదు. పాశ్చరు వైద్యుడు కాడు గనుక, ఇరువురు వైద్యులతో ఆలోచించి, గ్రాంషే అను వైద్యునిచేత ఆనాటి సాయంకాలమే మొదటి టీకా వేయించెను. పదిదినములలో 13 టీకాలు పడెను. ఆ రాత్రులలో పాశ్చరునకు నిద్ర లేదు. బాలుడు బ్రదికెను.

కొన్ని నెలలకే జూపిల్లు అను పదునైదేండ్ల గొఱ్ఱెలకాపరి వచ్చెను. ఒక పిచ్చికుక్క చిన్న పిల్లలపైకి ఉఱుకగా, వాడు వారిని పాఱిపొమ్మని తాను కుక్కకు ఎదురు నిలిచెను. చేయి కఱపించుకొనియు విడువక, చేతి కొరడాత్రాటితో దాని మూతిని కట్టి, తన కఱ్ఱచెప్పుతో దానిని కొట్టి చంపెను. పాశ్చరు వానిని గూడ బ్రదికించెను. ఆ కాపరి కుక్కతో పెనుగులాడుచున్న విగ్రహము పారిసులోని పాశ్చరు సంస్థ ఆవరణమున కలదు. మందలు మేపు పిల్లలు గల మన సీమవారికి ఆ బాలుడు పరాయివాడుగా తోచడు.

విజయముతోపాటు విషాదమును తప్పలేదు. 1885 నవంబరులో లూయిసు పెల్టియే అను పదేండ్ల బాలికను కాటుపడిన 37 దినములకు తీసికొనివచ్చిరి. గాయము తలమీద నుండెను. కాలము మించినదని పాశ్చరునకు తెలియును. ఆ చికిత్స తప్పినచో తన పద్ధతికే అపకీర్తి రాగలదనియు తెలియును. అయినను తలిదండ్రుల కన్నీరు చూచి కాదనలేక చికిత్స చేయించెను. డిసెంబరు మొదటి వారమున ఆ బాలిక మరణించెను. 1886 మార్చి మొదటి దినమునాటికి చికిత్స పొందిన 350 మందిలో మరణించినది ఆమె యొక్కతెయే. ఆ నెలలోనే వెఱ్ఱితోడేలు కఱచిన 19 మంది రష్యా రైతులు స్మోలెన్సుకునుండి వచ్చిరి. వారిలో 16 మంది బ్రదికి స్వదేశమునకు మరలిరి. ఆలస్యమే ఈ రోగమున మృత్యువునకు తలుపు తెఱచునని ఆ బాలిక కథ లోకమునకు తెలిపెను.

పలుదేశముల ప్రజలిచ్చిన విరాళములతో 1888 నవంబరు 14 వ తేదీన పారిసులో పాశ్చరు సంస్థ ప్రారంభింపబడెను. 1895 సెప్టెంబరు 28 వ తేదీన ఆ మహనీయుడు కన్నుమూసెను. ఆయన దేహమును ఆ సంస్థయందే సమాధిచేసిరి. ఆయన బ్రదికించిన జోసెఫు మైస్టరు పెద్దవాడై ఆ సంస్థకే ద్వారపాలకుడై కొలువు చేసెను.

ఆయన విద్య మన దేశమునకును వచ్చెను. 1900 లో కసౌలీయందును, 1907 లో నీలగిరులలోని కూనూరునందును పాశ్చరు సంస్థలు వెలసెను. అంతకుపూర్వము దక్షిణదేశమున కుక్క కఱచినవారు హిమాలయపు కొండలదాక పోవలసియుండెను. 1911 లో కసౌలీయందు సెంపిలు అను వైద్యుడు గొఱ్ఱె మెదడునుండి తీయు టీకాను సిద్ధపఱచెను. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులని మన తాతలు భయపడిన టీకా అదియే. 2004 తరువాత మన దేశమున దానిని మానివేసిరి. నేడు చేతికి వేయు టీకాలు నాలుగైదు చాలును. వానిని తయారుచేయు కర్మాగారములలో ఒకటైన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ అను సంస్థ 1982 లో మన హైదరాబాదుననే స్థాపింపబడెను. నారాయణగూడలోని రోగనివారణ సంస్థలో కుక్కకాటునకు చికిత్స చేయుచున్నారు.

ఇంత జరిగినను లోకమున ఏటేట సుమారు 59,000 మంది ఈ రోగముచే మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థవారి అంచనా. పిచ్చిజంతువుల కాటుపడువారిలో నూటికి 40 మంది పదునైదేండ్లలోపు బాలబాలికలు. పాశ్చరు మందు కనిపెట్టి శతాబ్దము దాటి చాలకాలమైనను ఈ మరణములేల? దీనికి ప్రత్యుత్తరము పాశ్చరు జీవితముననే కలదు.

ఆయన మొదట తలచినది మనుష్యులకు టీకా వేయుట కాదు, కుక్కలకు వేయుట. కుక్కకు రోగము రాకున్నచో మనుష్యునకు రాదని ఆయన యెఱుగును. కాని లెక్కకట్టి చూడగా ఒక్క పారిసులోనే లక్ష కుక్కలుండెను. దేశమంతటను ఇరువదియైదు లక్షలు. ఆనాటి పద్ధతిలో ఒక్కొక్క కుక్కకు పలుమారులు టీకా వేయవలెను. అన్ని కుందేళ్లను, అందఱు పనివారిని ఎక్కడినుండి తేగలరు? కావున ఆయన ఆ మార్గమును విడిచి, కాటుపడిన మనుష్యుని రక్షించు మార్గమును పట్టెను. నది పుట్టినచోట ఆనకట్ట వేయలేక, ఊరిచుట్టు గట్టు వేసెనన్నమాట.

నేడా కష్టము లేదు. మూడునెలల వయస్సున కుక్కపిల్లకు ఒక సూదియు, పశువైద్యుడు చెప్పిన గడువున మఱియొకటియు, ఆపైన ఏటేట ఒకటియు వేయించిన చాలును. ఒక ప్రాంతమున నూటికి 70 కుక్కలకు టీకా పడినచో ఆ రోగము వ్యాపింపలేక నశించునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. కుక్కలనుండి మనుష్యులకు వచ్చు ఈ రోగమును నిర్మూలించెనని 2019 లో మెక్సికో దేశమును ప్రపంచ ఆరోగ్యసంస్థ గుర్తించుటకు కుక్కలకు సామూహికముగా వేసిన టీకాలే ముఖ్యకారణము. ఇంగ్లండు దేశము టీకా లేకుండగనే, కుక్కలకు మూతికట్లు వేయించియు, పరదేశపు కుక్కలను కొన్నినెలలు వేఱుగా నిలిపియు, 1902 నాటికి ఈ రోగమును వెళ్లగొట్టెను. 1918 లో చట్టమును తప్పించి తెచ్చిన కుక్కలవలన అది మరల ప్రవేశింపగా, మరల పోగొట్టుటకు 1922 వఱకు పట్టెను. కొందఱు యజమానుల అశ్రద్ధకు దేశమంతయు నాలుగేండ్లు మూల్యము చెల్లించినది.

మన దేశమునందును చట్టములు లేకపోలేదు. పెంపుడుజంతువును దిక్కులేక విడిచిపెట్టుటయు, అంటురోగముగల జంతువును తెలిసి వీధిలో విడుచుటయు, ఎల్లప్పుడు గొలుసుతో కట్టియుంచిన కుక్కను అటునిటు త్రిప్పకుండుటయు 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరములు. పెంపుడుకుక్కకు టీకా వేయించుట, సంతాననిరోధము చేయించుట యజమానుని బాధ్యతయని 2023 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. చట్టము పుస్తకమున నుండును. కుక్క వాకిట నుండును. ఆ రెండింటిని కలుపవలసినవాడు గృహస్థుడు.

కావున కుక్కను పెంచువాడు కొన్ని విధులు పాటింపవలెను. టీకా వేయించి ఆ తేదీని వ్రాసియుంచవలెను. మందకుక్కలకును చేనికుక్కలకును గూడ వేయించవలెను. ఊరికి దూరముగా తిరుగునవి గనుక నక్కలతోను పిచ్చికుక్కలతోను వానికే ఎక్కువ తాకుడు. సాకలేని పిల్లలను కననీయక, సంతాననిరోధ చికిత్స చేయించవలెను. పుట్టిన పిల్లలను గోనెసంచిలో వేసి ఊరిబయట విడుచుట పాపము మాత్రమే కాదు, రేపటి వీధికుక్కల మందను పెంచుట. వేళకు తిండి, నీరు, నీడ ఈయవలెను. ఆకలిచే మాడిన కుక్కయు, దెబ్బలు తిన్న కుక్కయు కఱచుటకు తొందరపడును. ఎంగిలివిస్తరులను మాంసపు వ్యర్థములను వీధిలో పాఱవేయరాదు. కుక్క నడవడి మాఱినను, చొంగ కార్చుచు అకారణముగా మీదపడుచున్నను, దాచక పశువైద్యునకు తెలుపవలెను.

బాలురకును విధులు కలవు. తినుచున్న కుక్కను, నిద్రించుచున్న కుక్కను, పిల్లలనీనిన కుక్కను కదలింపరాదు, రాళ్లు రువ్వరాదు. కఱచినను, గీరినను, ఇంటిలో తిట్టుదురని దాచరాదు. వెంటనే గాయమును పాఱుచున్న నీటితో సబ్బుపెట్టి 15 నిమిషములు కడుగవలెను. కారము, సున్నము, పసుపు, ఆకుపసరు పెట్టరాదు. మంత్రములకొఱకు కాలము పోగొట్టరాదు. ఆనాడే ప్రభుత్వాసుపత్రికి పోయి టీకా వేయించుకొని, చెప్పిన దినములన్నింటను తప్పక పోవలెను. గాయము లోతైనచో దానిలో వేయు వేఱొక మందుకూడ కలదు. పెల్టియే బాలిక 37 దినముల ఆలస్యమును ఎవ్వరును మఱవరాదు.

జోసెఫు మైస్టరునకు టీకా వేసిన జూలై 6 వ తేదీని పశువులనుండి మనుష్యులకు వచ్చు రోగముల దినముగను, పాశ్చరు మరణించిన సెప్టెంబరు 28 వ తేదీని ప్రపంచ రేబీసు దినముగను జరుపుచున్నారు. ఆ సందర్భములలో పశువైద్యశాఖవారు పెక్కుచోట్ల కుక్కలకు ఉచితముగా టీకాలు వేయుదురు. మన విద్యార్థులు తమ తమ గ్రామములలో, తండాలలో, ఇంటింటికి పోయి ఈ సంగతి చెప్పి, ఆ దినమున తమ కుక్కను త్రాటితో పట్టుకొని పశువైద్యశాలకు నడిపించుకొనిపోయినచో, పాశ్చరు మహాశయుడు లెక్కలు చూచి విడిచిపెట్టవలసివచ్చిన పని ఒక్కొక్క వాకిటనుండి పూర్తియగుచు వచ్చును. ఆ పనికి గొప్ప శాస్త్రజ్ఞుడు అక్కఱలేదు. తన కుక్కకు తాను జవాబుదారియని యెఱిగిన గృహస్థుడు చాలును.